నూటొకటో కాయ

రెండో గంట కొట్టి, ఇనపకడ్డీ కొక్కేనికి తగిలిస్తుంటే ఏడుకొండలుకి కావ్య కనిపించింది. ఎనిమిదో తరగతి పిల్ల ఎండలో నిలబడి, ఎడమ చేతిమీద నోటుపుస్తకం ఆనించుకుని రాస్తోంది. దగ్గరికెళ్లి చూశాడు. '1000001 ప్రధాన సంఖ్య.' అదే వాక్యం నూరుసార్లు రాయాలట.

ఏడుకొండలుకి కడుపు మండిపోయింది. ఆ సంఖ్య నూటొకటితో పోతుందని పిల్లకి చెప్పింది తనే.

కొత్తపేటలోని ఈ ప్రైవేటు బడికి అటెండరుగా రాకముందు ముప్ఫై ఏళ్లు కొబ్బరి రాశుల దగ్గర కాయలు లెక్కపెట్టాడు. కాయలు కాచిన అరచేతులు, వంగిపోయిన నడుము, అక్కడ మిగుల్చుకున్నవి అవే. నూరు కాయలైనప్పుడల్లా గుర్తుగా ఇంకో కాయ పక్కన పెట్టాలి. దానితో కలిపితే నూటొకటి. ఐదో తరగతిలో ఆగిన చదువు ఆ రాశుల మధ్యే మళ్లీ మొదలైంది. ఎంత పెద్ద సంఖ్యనైనా కుడినుంచి రెండేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి విడిచి ఒకటి కలుపుతాడు. రెండు మొత్తాలూ సమానమైతే నూటొకటితో శేషం లేకుండా పోతుంది. రోడ్డుమీద లారీ నంబరునైనా వదలడు. ఆ పని మానేసిన రోజు తెచ్చుకున్న గుర్తుకాయ, ఎండి గలగలమంటూ, గంట కింద స్టూలు మీద ఉంటుంది.

లెక్కల మేస్టారు సూర్యప్రకాశరావు పోయినవారం బడి గోడమీద మూరెడు అక్షరాలతో రాయించాడు, పది లక్షల తర్వాత వచ్చే మొదటి ప్రధాన సంఖ్య 1000001 అని. తప్పు గోడెక్కి కూర్చుంది. కాదన్న పిల్ల ఎండలో నిలబడింది.

ఏడుకొండలు తిన్నగా స్టాఫ్ రూముకెళ్లాడు.

"మేస్టారండీ, నూటొకటిని తొమ్మిదివేల తొమ్మిదివందల ఒకటితో హెచ్చవేసి చూడండి. సరిగ్గా అదే వస్తుందండి."

మేస్టారు తలెత్తలేదు. "చూసేనయ్యా. నిన్ననే చూసేను."

"మరి పిల్లకి శిక్షెందుకండీ?"

"రేపు బడి చూడ్డానికి పెద్దవాళ్లొస్తున్నారు. వాళ్లముందు ఆ పిల్ల నోరు విప్పితే బడి పరువేం కాను? నువ్వెళ్లి గంట కొట్టుకో."

తెలియక అన్నాడనుకుంటే ఏడుకొండలు ఊరుకునేవాడే. తెలిసి నిలబెట్టాడు.

బయటికొచ్చి కావ్య చేతిలో పుస్తకం తీసుకున్నాడు. డెబ్భైమూడు వాక్యాలయ్యాయి.

"చాలమ్మా. లోపలికెళ్లి కూర్చో."

"మేస్టారు తిడతారండి తాతగారూ."

"ఆయ్, నన్ను తిట్టమను. నేనే పంపేనని చెప్పు."

ఇనపకడ్డీ తీసుకుని గోడ దగ్గరికెళ్లాడు. సున్నం పెచ్చులూడేలా, ఆ వాక్యం కిందే, 101 × 9901 అని లోతుగా గీశాడు. చేతులు దులుపుకుని, మేస్టారు క్లాసుకెళ్లాక పుస్తకంతో స్టాఫ్ రూములోకి వెళ్లొచ్చి, సైకిలు తీశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు భోజనాల గంట మోగలేదు. పిల్లలు ఆకలితో గోల పెడుతుంటే సూర్యప్రకాశరావు బయటికొచ్చి గోడ చూశాడు, ఖాళీ స్టూలు చూశాడు. వెనక్కి స్టాఫ్ రూముకి వెళ్లాడు. అతని టేబిలు మీద కావ్య నోటుపుస్తకం తెరిచి ఉంది. డెబ్భైమూడో వాక్యం కింద, మిగతా పేజీ ఎగిరిపోకుండా, గుర్తుకాయ బరువుగా కూర్చుని ఉంది.