పోశయ్య వదలని మణికట్టు

పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కగానే దీవెన మొదట చేసే పని ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూడటం. తర్వాత బీపీ పట్టీ, షుగర్ మిషన్, ప్రసవం కిట్టు. ఒక్కోటీ చూసి ట్యాబ్‌లో టిక్కు పెడుతుంది. ఈలోగా కనకరాజు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైర్లను కాలితో తన్ని, స్టీరింగుకు దండం పెట్టుకుంటాడు. నూటెనిమిది బండి నడిపేవాళ్ళను డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. "విమానం దగ్గరికి పోయి సూసిందే లేదు గానీ, పదేండ్ల సంది పైలట్‌నే" అని ఆయన కొత్తగా కలిసిన ప్రతివాళ్ళకూ చెబుతాడు. పాతవాళ్ళకూ చెబుతాడు.

వాళ్ళ బండి నిలిచేది నాచారంలో, మూతబడ్డ ఓ కంపెనీ ప్రహరీ గోడ నీడన. కంట్రోల్ రూమ్ నుంచి కేసు నంబరు వస్తే తప్ప బండి కదలకూడదు, నంబరొచ్చాక ఆగకూడదు. ఆ రెంటి మధ్యే పన్నెండు గంటలూ గడుస్తాయి. మల్లాపూర్‌లో పురిటినొప్పులు, ఉప్పల్ రింగు రోడ్డు మీద బైకు పడటం, హబ్సిగూడలో గుండెనొప్పి. ఎక్కించుకోవడం, దవాఖానాలో దింపడం, డాక్టరు సంతకం తీసుకోవడం, స్ట్రెచర్ తుడుచుకుని మళ్ళీ గోడ నీడకు రావడం. దింపిన మనిషి తర్వాత ఏమయ్యాడో వీళ్ళకు చెప్పేవాళ్ళుండరు. ఎవరో కథ సగం చెప్పి లేచిపోయినట్టుంటుంది ఆ ఉద్యోగం.

దీవెనకు మాత్రం మిగతా సగం తెలిసేది. అది ఆమె ఎడమచేతి వల్ల.

బండిలో పడుకున్న మనిషి భయానికి ఏదో ఒకటి పట్టుకుంటాడు. పక్కనే కూర్చుని సెలైన్ సరిచేస్తుంటుంది కనుక దీవెన మణికట్టే చేతికి దొరుకుతుంది. అలా పట్టుకున్నవాళ్ళ వేళ్ళ గుర్తులు అక్కడ నిలిచిపోయేవి. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, లేత ఎరుపుగా. మనిషి కోలుకుని ఇల్లు చేరిన రోజు సాయంత్రానికల్లా గుర్తు మెల్లగా చెరిగిపోయేది. చనిపోతే మాత్రం అక్కడ నీటిబొట్టు పడ్డంత చల్లగా అనిపించి, ఒక్కసారిగా మాయమయ్యేది. అప్పుడామె చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేది. పాట పెట్టబోతున్న కనకరాజు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. కొందరికి వానొచ్చే ముందు మోకాళ్ళు నొస్తాయి, ఈమెకిది. టీకొట్టు సాలమ్మ "ఇయ్యాల చేతి మీద ఎందరున్నరు బిడ్డా?" అని అడుగుతూ చక్కెర వేసేది. తల్లిని దవాఖానాలో చేర్చిన కొడుకులు దారిలో కనబడితే "జర సూడక్కా, మా అమ్మది ఉన్నదా?" అనేవాళ్ళు. చేర్చిన నలభై ఎనిమిది గంటలకు పేషెంటు ఎట్లున్నాడో ఫోన్ చేసి కనుక్కోవడం ఆఫీసులో వంశీకృష్ణ పని. అతను ముందు దీవెనకే చేసేవాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం, ఇరవై ఫోన్లు తప్పుతాయంటే వదులుతాడా?

ఇంతమంది పట్టుకున్న ఆ చెయ్యి ఇంటికి వెళ్ళాక మాత్రం తాళం తీసి, స్టవ్ వెలిగించి, ఒక్క కంచం కడుక్కునేది. దీవెనకు ముప్ఫై ఆరేళ్ళు. తల్లి లూర్దమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ రోజు దీవెన డ్యూటీలో ఉంది, ఎవరి తల్లినో తీసుకెళ్తూ. కన్నతల్లి వేళ్ళ గుర్తు ఆ చేతి మీద ఎప్పుడూ పడలేదు. ఖమ్మంలో ఉన్న అన్న బెన్నీ క్రిస్మస్‌కు ఫోన్ చేస్తాడు. ఒంటరితనం అలవాటైపోతుందని అంటుంటారు. అలా అనేవాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం, ఆ కంపెనీ గేటు ముందే ఓ ముసలాయన కూలిపోయాడు. దీవెన సంచీ పట్టుకుని పరుగెత్తింది. కేసు నంబరు కావాలి కనుక కనకరాజు గేటు సెక్యూరిటీ వాడి చేత నూటెనిమిదికి ఫోన్ చేయించాడు. ముసలాయన మూతి వంకర పోయింది, కుడిచెయ్యి ఎత్తితే జారిపోతోంది. పక్షవాతం. జేబులో ఫోను లేదు, ఆధార్ లేదు, వెంట మనిషి లేడు. బండి తార్నాక దాటేలోగా ఎడమచేత్తో దీవెన మణికట్టు దొరకబుచ్చుకుని, ఎంతో కష్టపడి పేరు మాత్రం చెప్పాడు. పోశయ్య.

దీవెన ఫారం నింపింది. ఫోన్ నంబరు దగ్గర సెక్యూరిటీ వాడిది రాసింది. చిరునామా దగ్గర నాచారం అని రాసింది. మనిషి దొరికిన చోటే మనిషి ఊరనుకోవడం ఆ పనిలో అందరూ చేసే పొరపాటే. దవాఖానా వాళ్ళు దాన్నే తమ కాగితంలోకి ఎక్కించుకున్నారు.

రెండు రోజులకు వంశీకృష్ణ ఫోన్ చేశాడు.

"అక్కా, ఈ పోశయ్య కేసేంది? ఆ నంబరుకు చేస్తే నాకేం తెల్వదంటుండు."

"ఉన్నడు వంశీ. గుర్తు అట్లనే ఉన్నది."

వారం గడిచింది, గుర్తు ఉంది. మూడు వారాలు గడిచినా ఉంది. వెనక వచ్చినవాళ్ళ గుర్తులు చెరిగిపోతున్నాయి, ఇదొక్కటీ కదలడం లేదు. దీవెన వార్డుకు వెళ్ళి అడిగింది. "గాయనా? పన్నెండో దినమే కాలీడ్సుకుంట నడిసి పోయిండు" అంది సిస్టర్. ఇంటికి చేరినవాడి గుర్తు పోవాలి. పోలేదంటే మనిషి ఇల్లు చేరలేదన్నమాట. పక్షవాతం వచ్చిన ముసలాయన ఏ గుడి మెట్ల మీదో, ఏ బస్టాపులోనో పడున్నాడేమోనని దీవెన బెంగపెట్టుకుంది. తాను సరిగ్గా చిరునామా అడిగి ఉంటే ఈపాటికి వెతికి పట్టుకునేది కదా అని తనను తాను తిట్టుకుంది.

వీక్లీ ఆఫ్ రోజుల్లో నాచారం గల్లీలన్నీ తిరిగింది. ముగ్గురు పోశయ్యలు దొరికారు. ఒకాయన మటన్ కొట్టు, ఒకాయన చర్చి గేటు కాడ కాపలా, మూడో ఆయనకు పాతికేళ్ళు. కావలసిన పోశయ్య దొరకలేదు.

"ఆ తాతకు ఎవ్వరు లేనట్టున్నరన్నా" అంది ఓ రోజు కనకరాజుతో. "పట్టుకోనీకి ఇంకో చెయ్యి ఉంటే నాది వదులుతుండె."

"నీకెందుకు చెల్లె అంత ఫికరు? రోజుకు పది మందిని దింపుతం."

దీవెన స్ట్రెచర్ తుడవడానికి లేచింది. సాయంత్రాలు అన్నం తింటూ ఆ గుర్తును చూసుకుని "తిన్నవా తాతా?" అని అడగడం మొదలుపెట్టిందని ఆయనకెలా చెబుతుంది? ఆ ఇంట్లో ఒకరిని తిన్నావా అని అడిగి మూడేళ్ళయింది.

ఆగస్టులో ఆమెకు జ్వరం వచ్చింది. శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టింది. ఆమె బదులు ధనశ్రీ అనే అమ్మాయి వచ్చింది. శనివారం కనకరాజు ఫోన్ చేస్తే దీవెన "తగ్గుతుందన్నా" అంది. ఆదివారం ఫోన్ స్విచాఫ్. పడుకుందేమోలే అనుకున్నాడు కనకరాజు. కింద ఉండే ఇంటి ఓనర్లు బోనాలకు ఊరెళ్ళారు.

ఆదివారం పదిగంటలకు గోడ దగ్గర ఒక ఆటో ఆగింది. ఒక ముసలాయన కర్ర ఊతంగా దిగి, కుడికాలు ఈడ్చుకుంటూ బండి దగ్గరికొచ్చాడు.

"అరె, నువ్వా తాతా?" కనకరాజు నోట్లో చాయ్ పొలమారింది. "మా పిల్ల నీ కోసం నాచారమంత తిరిగింది గదా."

పోశయ్య తల అడ్డంగా ఊపాడు. తొందరలో ఆయనకు మాట పెగలడం లేదు. కర్ర బండికి ఆనించి, ఎడమచేతి వేళ్ళు చాచి కనకరాజు ముఖం ముందు పెట్టాడు. వేళ్ళకేమైందోనని ధనశ్రీ పట్టుకుంది. పట్టుకున్నది వదలకుండా గడియారం చూసింది. తర్వాత ఆయన కుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ చూసింది.

"ఈయనకు రెండు నాడులున్నయేందన్నా? చేతికి డెబ్బై ఆరు. వేళ్ళకు నూట నలభై. మస్తు సన్నగ కొట్టుకుంటుంది."

"వేళ్ళది ఈయనది కాదు" అన్నాడు కనకరాజు, గ్లాసు పారేస్తూ. "దీవెనది. ఈ వేళ్ళు ఇంకా ఆ పిల్ల మణికట్టు మీదనే ఉన్నయి."

పోశయ్య అవునన్నట్టు బండి తలుపు మీద కొట్టాడు.

కానీ కేసు నంబరు లేనిదే బండి కదలకూడదు. కనకరాజు పైలట్ సీట్లోనే కూర్చుని మామూలు జనంలాగా నూటెనిమిదికి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి పద్ధతిగా అడిగింది. పేరు, ఏరియా, ల్యాండ్‌మార్క్.

"పేషెంట్‌ను మీరు చూశారా సార్?"

"లేదమ్మా. నాడి ఈడున్నది, మనిషి ఆడున్నది."

ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు టైపు చేసుకుంది. "దగ్గర్లో ఉన్న బండిని పంపిస్తున్నాం సార్, కంగారు పడకండి" అంది. కనకరాజు ముందున్న ట్యాబ్ మోగింది. అది ఆగేలోపే ఆయన బండి తీశాడు.

దీవెన ఇంటి తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. కనకరాజు జాకీ రాడ్డుతో గడియ ఊడబెరికాడు. దీవెన స్టవ్ దగ్గర నేల మీద పడి ఉంది, పక్కన నీళ్ళ చెంబు దొర్లి ఉంది. డెంగీ. బీపీ మిషన్ రెండుసార్లు అంకె చూపించలేదు. ధనశ్రీ ఆమె చేతికి సూది ఎక్కించి, బండిలో సెలైన్ సంచీని రెండు చేతులతో పిండుతూ కూర్చుంది. పోశయ్య ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదు. పక్క బల్ల మీద కూర్చుని దీవెన మణికట్టును తన గుర్తుల మీదే వేళ్ళుంచి పట్టుకున్నాడు. దారి పొడుగునా వేళ్ళు తీయలేదు.

నాలుగో రోజుకు ఆమెను ఐసీయూ నుంచి వార్డులోకి మార్చారు. కళ్ళు తెరిచి చూస్తే మంచం పక్క స్టూలు మీద పోశయ్య ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. దీవెన ఆయన్ను ఎగాదిగా చూసింది.

"తాతా, నువ్వు ఇంటికే పోలేదా?"

"పోయిన." ఒక్కో మాటనూ వెతుక్కుని చెప్పాడు. "దమ్మాయిగూడ. మంచి రూమే. పన్నెండో దినమే పోయిన."

"మరి గుర్తు పోవాలె గదా?"

"నేనే వదల్లే."

"నీకెవ్వరు లేరా?"

"లేరు." ఆ ముక్క ఆయన సులువుగానే అన్నాడు. "నాకు అలవాటే."

మాటలన్నీ కూడగట్టుకుంటున్నట్టు కింది పెదవి నొక్కిపెట్టాడు.

"ఆ కంపెనీల బాయిలర్ కాడ ముప్పై ఏండ్లు జేసిన. మీద చెయ్యి పెడితే లోపలేమున్నదో తెలుస్తది. నీ నాడి గూడ గట్లనే సూసిన. పొద్దుగాల ఉరుకుతది. పొద్దుమూకినంక ఇంటికొస్తవు. గంతే. ఒక్క దినం గూడ, ఎవరన్న వచ్చిన్రని, జర ఎక్కువ కొట్టుకోలే. రెండు నెలలాయె. తలుపు తట్టెటోళ్ళే లేరు." ఊపిరి తీసుకున్నాడు. "గిట్లున్న పిల్లను ఎట్ల వదలాలె బిడ్డా?"

పట్టుకోవడానికి ఎవరూ లేక ఆయన తన చెయ్యి పట్టుకున్నాడని దీవెన ఇన్నాళ్ళూ జాలిపడింది. గల్లీ గల్లీ తిరిగింది. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది. తల్లి పోయినప్పుడు డ్యూటీ దిగాక ఏడుద్దామని దాచుకున్నది కూడా అందులోనే పోయింది. పోశయ్య ఓదార్చలేదు. ఇడ్లీ తెస్తానని చెప్పి, కర్ర అందుకుని కిందికి వెళ్ళాడు.

లిఫ్టు పనిచేయడం లేదు కనుక చాలాసేపే పట్టింది. పొట్లం చేత పట్టుకుని ఆయన వరండాలో నడిచి వస్తుంటే, కర్ర టకటకలు వార్డులోకి వినబడ్డాయి. గుమ్మం ఇంకా నాలుగడుగులు ఉందనగా పోశయ్య ఆగిపోయాడు. పొట్లాన్ని చంకలో ఇరికించుకుని, ఎడమచేతి వేళ్ళను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. ఆ వేళ్ళ కొసల్లో దీవెన నాడి గబగబా కొట్టుకుంటోంది, ఎవరో ఇంటికొస్తున్నట్టు.