కొలతలక్క చదివిన అంకెలు

రాళ్ళు కోసే ఆ ఫ్యాక్టరీలో పొద్దున్నే జరిగే మొదటి పని ముఖాలు కొలవడం. పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బల్ల ముందు కూర్చుంటే, కొలతలక్క కాలిపర్ ఆనించి ముక్కు పొడుగు, బుగ్గల వెడల్పు పైకి చదివేది. ఆమె అంకె తప్పు చదివితే సాయంత్రానికి ముఖమే ఆ అంకెకి సర్దుకునేది. ఆమెకి ముందు ఆ బల్ల దగ్గర వాళ్ళమ్మ చదివినప్పుడూ అంతే. ఓసారి కొలతలక్కకి మధ్యలో తుమ్మొచ్చి తడబడితే, పాపం, ఒక డ్రైవరు గడ్డం బెత్తెడు సాగింది. మర్నాడు మళ్ళీ కొలిచి సరిచేసింది.

చిక్కంతా దుమ్ము మాస్కులతో వచ్చింది. వాటి అచ్చు పోసినవాళ్ళు మైదానం మనుషుల ముఖాలే కొలిచారు. షెడ్డులో పనిచేసే కొండవాళ్ళకి ముక్కు దూలం తగ్గుగా, బుగ్గలు వెడల్పుగా ఉంటాయి. మాస్కు పక్కన సందు మిగిలి రాతిపొడి లోపలికి పోయేది. కొలతలక్కదీ కొండే. రెండో సైజు తెప్పించమని మేనేజరు కాళ్ళావేళ్ళా పడింది.

"మాస్కులు మార్చడమెందుకమ్మా? నువ్వు అంకెలు మార్చి చదువు. ముఖాలే సరిపోతాయి," అన్నాడాయన, గొప్ప ఉపాయం చెప్పినట్టు.

షెడ్డులో రాళ్ళు నునుపు చేసే తమ్ముణ్ణి ఆ పూటే అడిగింది.

"మార్చెయ్యనారా?"

"వద్దక్కా. అద్దం చూసుకుంటే అమ్మ కనిపిస్తుంది. అదీ తీసేస్తావా?" అని నవ్వాడు.

దగ్గీ దగ్గీ ఏడాది తిరక్కుండానే పోయాడు. మేనేజరు పలకరింపుకైనా రాలేదు. అయినా ఆమె పనికొచ్చింది.

ఏడాదికోసారి మేనేజరూ కొలతలివ్వాలి. ఫోను చూసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆమె ఎన్నడూ కావాలని తప్పు చదివింది లేదు గనక ఆయనకి అనుమానమే రాలేదు. కొలతలక్క కాలిపర్ ఆనించింది గానీ దానివైపు చూడలేదు. తమ్ముడి అంకెలు ఆమెకి కంఠతా వచ్చు. నింపాదిగా ఒక్కొక్కటే చదివింది.

మర్నాడు ముఖం చూసి ఆఫీసు తలుపు తీసే కెమెరా ఆయన్ని గుర్తుపట్టలేదు. షెడ్డు తలుపు మాత్రం తెరుచుకుంది. తమ్ముడి ముఖాన్ని దాని కెమెరాలోంచి తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు మరి. ముఖమెత్తి కూడా చూడని కాపలావాడు ఆయన చేతిలో మాస్కు పెట్టి, "లేటైంది, నడువు," అన్నాడు.

ఆయన పరిగెత్తుకొచ్చి కొలతలక్క ముందు కూలబడ్డాడు. "నా అంకెలు చదువమ్మా, నీకు పుణ్యముంటుంది."

తమ్ముడి ముఖం అంత దగ్గరగా కనిపించేసరికి, నిమరబోయి ఆమె చెయ్యి దానంతటదే లేచింది. మనసు కరిగింది కూడా. కానీ గొంతు మేనేజరుదే.

"నీకేం కావాలో చెప్పు, ఇస్తాను."

"మా తమ్ముడు కావాలి," అంది. మాస్కు పట్టీ తనే బిగించి షెడ్డులోకి పంపింది.

వారం తిరక్కుండా కొత్త మేనేజరు వచ్చాడు. రెండో సైజుకి ఆర్డరు పెట్టాకే కొలతల బల్ల ముందు కూర్చున్నాడు. ఆ సరుకు రావడానికి నెలలు పడుతుందన్నారు.

ఆ మధ్యాహ్నమే షెడ్డులోంచి పాత మేనేజరు దగ్గు మొదటిసారి వినిపించింది. తమ్ముడు పోయినప్పటినుంచీ ముద్ద దిగని కొలతలక్క, క్యారేజీ విప్పి గిన్నె అడుగు కనిపించేదాకా తింది.