ప్రాక్టీసు గంటలు

ఎల్లస్వామి పట్టపగలు, పదిమంది చూస్తుండగా చచ్చిపోయాడు. చచ్చిపోయాడనడం మర్యాద మాట. చంపారు.

మహబూబ్‌నగర్ పొలిమేరలో నర్సింగరావు నడిపే మత్తు మాన్పించే కేంద్రం అది. ఎల్లస్వామి రాళ్ల క్వారీ కూలి. కల్లు పడకపోతే చేతులు వణికి సుత్తె పట్టలేకపోతున్నాడని భార్య యాదలక్ష్మే బతిమాలి తీసుకొచ్చి చేర్పించింది. చేరిన మర్నాటికే ఒళ్లంతా వణుకు పట్టుకుంది. లేని పురుగుల్ని దులుపుకుంటూ కేకలు పెట్టాడు. వార్డెన్ బీరప్ప అతణ్ణి గొలుసుతో మంచానికి కట్టేసి నీళ్ల పైపు అందుకున్నాడు.

“కాళ్లు పట్టుకోండ్రి,” అన్నాడు మాతో.

మేమంటే కౌన్సెలింగ్ కోర్సు విద్యార్థులం. మాలో గజాలా, కట్టంగూర్ దర్జీ హమీద్ కూతురు, కాళ్లు పట్టుకోలేదు. పైపుకు అడ్డం పడింది. మొదటి దెబ్బ ఆమె మణికట్టు మీద పడింది. బీరప్ప ఆమెను జుట్టు పట్టి గోడకు విసిరికొట్టాడు. ఆ తర్వాత దెబ్బలన్నీ ఎల్లస్వామికే. ఫిట్స్ వచ్చాయి, నోటి వెంట నెత్తుటి నురగ వచ్చింది, మనిషి బిగుసుకుపోయాడు. అప్పటికీ ఆ పైపు ఆగలేదు.

కౌన్సెలర్ కావాలంటే ఏం కావాలో మీరూ తెలుసుకోవాలి. డిగ్రీ కావాలి. దాని మీద ఈ కోర్సు కావాలి. రోగుల దగ్గర వందల గంటల ప్రాక్టీసు చేయాలి. చేశారని పర్యవేక్షకుడు సంతకం పెట్టాలి. సంతకం ఉంటేనే పరీక్ష, పరీక్ష గట్టెక్కితేనే లైసెన్సు. మంచి నియమాలే, నేను కాదనను. మనసు విరిగిన మనిషి ముందు ఎవరు పడితే వాళ్లు కూర్చోకూడదు. కానీ మా కాలేజీ నర్సింగరావుది. ప్రాక్టీసు చేసే కేంద్రం నర్సింగరావుది. సంతకం పెట్టేవాడు నర్సింగరావు జీతగాడు. ఊళ్లలో మత్తుపొడి కలిపిన కల్లు పోయించే డిపో నర్సింగరావు బామ్మర్దిది. తాగించేదీ వాళ్లే, మాన్పించేదీ వాళ్లే, మాన్పించడం ఎలాగో మాకు నేర్పేదీ వాళ్లే. కంచే చేను మేస్తే ఇంక కాపెవరు? మా గంటలన్నీ గదులు కడగడానికీ, రోగుల్ని అణిచిపెట్టడానికీ పోయేవి. మంచం పక్కన కూర్చుని వాళ్ల మాట విన్నది గజాలా ఒక్కతే, అదీ దొంగచాటుగా.

ఆ సాయంత్రం నర్సింగరావు ఆమెను పిలిపించాడు. మేం తలుపు దగ్గరే ఉన్నాం.

“జర సోంచాయించుకో బేటీ. నీ గంటలు ఈ నెలతోని అయిపోతయ్. వాడే గోడకు తల కొట్టుకున్నడని పోలీసులకు చెప్పు. లైసెన్సు నీ చేతిల పడ్తది. మీ అబ్బాకు మిషన్ తొక్కుడు తప్పుతది.”

“నేను చూసిందే చెప్త సార్.”

“ఏం చూసినవ్?”

“బీరప్ప చంపంగ చూసిన.”

ఆమెను కాలేజీలోంచి గెంటేశారు. పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదు. యాదలక్ష్మి మొగుడి శవాన్ని ఊరికి తీసుకుపోయి తిన్నగా కల్లు డిపో ముందే దించింది. ఊరు ఊరంతా చేరింది. మేమూ పోయాం.

గీతకార్మికుడు గుర్వయ్య డిపో అరుగెక్కాడు. “గిది మా చెట్టు కల్లు గాదు. నీల్లు, సాక్రిన్, పొడి. చెట్టెక్కేటోల్లను మమ్మల్నే కూలికి పెట్టుకొని గీ విషం పోయిస్తున్నరు. మా తాతల పేరు ఖరాబు చేసిండ్రు.”

యాదలక్ష్మి ఏడవలేదు. గడ్డపార తీసుకుని మొదటి తొట్టి పగలగొట్టింది. ఇంక జనం ఆగలేదు. డిపో మనుషులు కర్రలతో వచ్చారు. ఒకడి దవడ విరిగింది, మనవాళ్లలో ఇద్దరి తలలు పగిలాయి, కల్లూ నెత్తురూ కలిసి వాకిట్లో పారాయి. ఇక ఒక్క చుక్క ముట్టేది లేదని అక్కడే అందరిచేతా ఒట్టు వేయించాం. చప్పట్లు కొట్టాం, నినాదాలిచ్చాం.

తప్పు అక్కడే జరిగింది. ఈ ప్రాంతంలో కల్లు మగవాళ్లొక్కరే తాగరు. నాట్లకు పోయే ఆడవాళ్లు తాగుతారు, ముసలమ్మలు తాగుతారు, చుట్టమొస్తే సీసా తెప్పించడం ఇక్కడి మర్యాద. పొడి ఏళ్ల తరబడి వాళ్ల ఒంట్లో దిగి ఉంది. రెండు రోజులు తిరగకముందే ఊరంతా వణకడం మొదలుపెట్టింది. ఒకడు అన్న మీదికి గొడ్డలెత్తాడు. ఒకామె తన చెయ్యి తానే ఎముక కనబడేదాకా కొరుక్కుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, నర్సింగరావు వ్యాన్లు దిగాయి. ఫ్రీ ట్రీట్‌మెంట్ అన్నారు. వణికేవాళ్లందరినీ ఎత్తుకుపోయారు. వాళ్లలో యాదలక్ష్మి కూడా ఉంది.

మిగిలినవాళ్లం ఖాళీ డిపో ముందు మీటింగ్ పెట్టాం. ఎల్లస్వామి తల్లి బక్కమ్మ మమ్మల్ని కడిగిపారేసింది.

“సదువుకున్నోల్లు, మీ మాటిన్నం. కొడుకు పాయె. గిప్పుడు కోడల్ని గూడ గదే మంచానికి గట్టిండ్రు. ఇగ మీకేం గావాలె?”

మా క్లాసు దివాకర్ లేచాడు. “తొందరపడితె అందరం మునుగుతం. ముందు గంటలు పూర్తి చేసి లైసెన్సు తెచ్చుకుందాం. అప్పుడు మన మాటకు విలువుంటది.”

“లైసెన్సు వచ్చేదాంక యాదక్క బతుకుతదా?” గజాలా గొంతు లేచింది. “గా సంతకం కోసం గిప్పుడు నోరు మూస్కుంటె, వచ్చినంక తెరుస్తవా దివాకర్? మూస్కునుడే అలవాటైతది.” తర్వాత బక్కమ్మ వైపు తిరిగింది. “తప్పు మాదే అవ్వా. ఒక్కసారే బంద్ చేస్తే పానం మీదికొస్తది. డాక్టర్లు మందిచ్చి మెల్లమెల్లగ తగ్గియ్యాలె. కొట్టుడు మందు గాదు. అందరినీ సర్కారు దవాఖానకు తీస్కపోదాం.”

“తలుపు తీస్తరా వాల్లు?”

“తీయకుంటె మనమే తీద్దాం,” అన్నాడు గుర్వయ్య.

తెల్లారి ట్రాక్టర్లు కదిలాయి. గీతకార్మికులు చెట్లెక్కే మోకులు తెచ్చారు. ఆడవాళ్లు కొంగుల్లో కారం ముడేసుకున్నారు. కేంద్రం గేటుకు తాళం ఉంది, లోపల బీరప్ప మనుషులు ఇనుప రాడ్లతో ఉన్నారు. గుర్వయ్య గేటు ఎక్కి మోకులు బిగించాడు. కిందికి దిగేలోపు సందులోంచి రాడ్డు వచ్చి అతని నెత్తి మీద పడింది. ట్రాక్టర్ లాగింది. గేటు గోడతో సహా ఊడివచ్చింది.

తర్వాతది యుద్ధమే. బక్కమ్మ బీరప్ప కళ్లల్లో కారం కొట్టింది. జనం అతన్ని కిందపడేసి, పైపు పట్టిన ఆ చెయ్యి విరిచేశారు. ఒకడు బండరాయి ఎత్తాడు. గజాలా ఆ రాయికి కూడా అడ్డం నిలబడింది.

“చంపకుండ్రి. కొట్టమన్నది ఎవరో వీడు కోర్టుల చెప్పాలె. వీడు సస్తే నర్సింగరావు బతుకుతడు.”

రాయి కింద పడింది.

లోపల యాదలక్ష్మి మణికట్లు గొలుసులకు కోసుకుపోయి ఉన్నాయి. నాలుక కొరుక్కుంది. ఆమె మూలుగుతుంటే గడ్డపారలతో గొలుసులు తెంచాం. గజాలా ఆమె తల ఒళ్లో పెట్టుకుని, “అక్కా, నేను గజాలాను, నా కొంగు వట్టుకో, ఇడువకు,” అంటూనే ఉంది. రోగులందర్నీ ట్రాలీల్లో వేసేటప్పటికి పోలీసులు లాఠీలతో దిగారు. వీపులు పగిలాయి గానీ ట్రాక్టర్లు ఆగలేదు. గుర్వయ్య ట్రాలీలోనే ప్రాణం విడిచాడు. యాదలక్ష్మి బతికింది. దవాఖానలో డాక్టరమ్మ సూది వేసి, “ఇంకొక గంట ఆగుంటే దక్కేది కాదు,” అంది.

గజాలాను ఆ మంచం పక్కనే అరెస్టు చేశారు.

“నీ మీద కేసేందో ఎర్కేనా?” అన్నాడు ఎస్సై. “దొమ్మీ ఒకటి. లైసెన్సు లేకుంట వైద్యం జేసినవ్, అదొకటి.”

“వైద్యం డాక్టరమ్మ చేసింది సార్. నేను మాట్లాడిన.”

“మాట్లాడనీకె గూడ లైసెన్సు గావాలె.”

మనుషుల్ని గొలుసులతో కట్టి చంపిన కేంద్రానికి లైసెన్సు ఉంది. దానికి ఏ తాళమూ పడలేదు.

మర్నాడు మా క్లాసు మొత్తం స్టేషన్‌కు పోయింది. అందరికంటే ముందు నడిచింది దివాకరే. వెనక ఊరు, వాళ్ల భుజాల మీద గుర్వయ్య శవం. స్టేషన్ వాకిట్లో పాడె దించారు.

“సార్, నేను గూడ లైసెన్సు లేకుంట రోగులతోని మాట్లాడిన,” అన్నాడు దివాకర్. “నా పేరు రాస్కోండ్రి.”

“నీ సదువు ఖతమైతదిరా. సోంచాయించుకో.”

“కానీయ్ సార్.”

నేను నా పేరు చెప్పాను, నవనీత అని. నా వెనక మా క్లాసు మెహ్రీన్ చెప్పింది. ఆ వెనక గీతకార్మికులు, క్వారీ కూలీలు. ఎస్సై లేచి నిలబడ్డాడు. బక్కమ్మ జనాన్ని తోసుకుంటూ బల్ల దాకా వచ్చింది.

“నా కోడలు వణుకుతాంటె రాత్రంత నేను మాట్లాడిన. నాకు లైసెన్సు లేదు.”

“ఎంతమంది ఉన్నరు మీరు?”

“ఊరు ఊరంత ఉన్నం,” అంది బక్కమ్మ. “రాస్కో.”