అడుగున వదిలే గుక్క

భరత్ మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది పద్దెనిమిది లక్షల నలభై వేలు. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుని దాచింది కొంత, పిడుగురాళ్లలో నాన్న వాటాకొచ్చిన సున్నపు బట్టీ అమ్మితే వచ్చింది కొంత. ఆ డబ్బుతో మాచర్ల నుంచి సాగర్ పోయే రోడ్డు పక్కన పాత పత్తి గోదాము అద్దెకు తీసుకున్నాడు. బెంగుళూరులో మూతపడ్డ ఒక బీరు దుకాణం నుంచి రెండు స్టీలు ట్యాంకులు లారీలో తెప్పించాడు. పర్యాటకులు తిరిగే చోటని బీరు తయారీకి లైసెన్సు దొరికింది. అది చేతికొచ్చిన రోజే గోదాము గోడకి వరసగా మేకులు కొట్టాడు. బండి తాళం మేకుకి తగిలించి, ఇంటికి చేర్చే మనిషిని చూపించినవాళ్లకే గ్లాసు.

పొద్దున్నే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అదే మాల్టుని, మరపట్టడం. మధ్యాహ్నం దాకా దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, చేదు కోసం హాప్స్ అనే పువ్వు వేసి మరిగించడం. సాయంత్రం షట్టరెత్తి, కొత్తగా వచ్చినవాళ్లకి అవే మాటలు మళ్లీ చెప్పడం. ఈ మధ్య ఆ మాటలు అతను చెప్పడం లేదు. నోరు దానంతటదే చెప్పుకుపోతోంది.

ఆ గురువారం వచ్చింది మాచర్లలో పెయింట్ల షాపు నడిపే వెంకట్, ఇంకో ముగ్గురు.

"ఇంత చిన్న గ్లాసేంది తమ్ముడూ? పోలియో చుక్కలేస్తన్నావా?"

"మొదటిసారి చిన్నదే అన్నా. ముందు గోధుమ బీరు, తర్వాత నల్లది. నల్లదాంతో మొదలెట్టారంటే తర్వాత ఏది తాగినా నీళ్లలాగే ఉంటది. గబుక్కున మింగమాకండి, ముందు వాసన చూడండి."

"వాసన చూడ్డానికి ఇదేమన్నా సాంబారా?"

"చూడన్నా. ఏమొస్తంది?"

వెంకట్ గ్లాసులో ముక్కు పెట్టి, తల ఎత్తి స్నేహితుల వైపు అనుమానంగా చూశాడు. "అరటిపండు! అరటిపండేశావా ఇందులో?"

"వెయ్యలా. అది పులియబెట్టే ఈస్టు చేసిన పని."

"సరే, ఐసెయ్యి మరి."

"ఐసేస్తే నాలుక మొద్దుబారిపోద్ది. చల్లదనం తాగినట్టే ఉంటది గానీ బీరు తాగినట్టు ఉండదు. మధ్యమధ్యలో మంచినీళ్లు తాగండి, ఈ శెనగలు తినండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, మొహమాటానికి తాగమాకండి. ఆఖరి గుక్క మాత్రం గ్లాసులోనే వదిలెయ్యండి."

"డబ్బులిచ్చి కొన్నది వదిలెయ్యాలా?"

"అది మీ అలుపన్నా. తాగితే మళ్లీ లోపలికే పోద్ది."

"ఓ, అదా," అన్నాడు వెంకట్. శెనగల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

భరత్ బీరుకి మొదటి నుంచీ ఉన్న గుణమే అది. తాగుతున్నకొద్దీ మనిషిలో ఉన్న అలుపు గ్లాసు అడుగుకి దిగి, తెల్లగా, సున్నం మడ్డిలాగా పేరుకుంటుంది. ఈ నేలంతా సున్నపురాయి, బోరు నీళ్లు ఏ గిన్నెలో కాచినా అడుగున తెల్లగా కడుతుంది, బీరులో కూడా అంతేలే అని ఊళ్లో అనుకున్నారు. క్వారీ మేస్త్రీలు, పరీక్ష పేపర్లు దిద్దొచ్చిన మాస్టర్లు, సాగర్ డ్యామ్ చూసి కాళ్లు లాగేసిన టూరిస్టులు వచ్చి, రెండు చిన్న గ్లాసులు తాగి, తేలిగ్గా లేచి వెళ్లేవాళ్లు. ఎవరూ మూడోది అడిగేవాళ్లు కాదు. అవసరం ఉండేది కాదు.

చిక్కంతా గ్లాసులు కడగడంలో ఉంది. కడిగినవాళ్ల చేతుల్లోంచి ఆ మడ్డి ఒంట్లోకి ఎక్కుతుంది. పనికి పెట్టుకున్న మనిషి రెండో రోజుకే తొట్టి మీద తల వాల్చి నిద్రపోయేవాడు, మూడో రోజు రానని కబురు పంపేవాడు. గ్లవుజులు వేసుకుంటే గ్లవుజులు వాలిపోయాయి. అప్పు చేసి గ్లాసులు కడిగే మిషను కొన్నాడు. కొన్ని వారాలకే అది తిరగడం మానేసింది. మెకానిక్ నదీం వచ్చి, మూత విప్పి, చెయ్యి పెట్టి చూసి, మళ్లీ బిగించేశాడు.

"మోటరు బాగానే ఉంది భాయ్. అలిసిపోయింది. ఒక నెల పడుకోనీ."

"నెల పడుకుంటే నాకెట్టా?"

"నాకేం తెలుసు? నువ్వే లెక్కల్లో మొనగాడివి."

లెక్క వేశాడు కూడా. రోజుకి నూట ఇరవై గ్లాసులు. గ్లాసుకి అరగంట అలుపు వేసుకున్నా అరవై గంటలు. రోజుకి ఉన్నవి ఇరవై నాలుగు. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క తేలలేదు. కాగితం కప్పుల్లో పోసి చూశాడు. వాటిలో మడ్డి దిగలేదు. తాగినవాళ్లు వచ్చినంత బరువుగానే లేచి వెళ్లారు, మళ్లీ రాలేదు.

దాంతో తనే కడగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అతని భుజాల్లో ఎప్పుడూ పట్టని స్టీరింగు నొప్పి, నడుములో ఎప్పుడూ ఎత్తని రాళ్ల బరువు. ఎంత పడుకున్నా అది తీరేది కాదు. సొంత నిద్రతో తీరాలంటే సొంత అలుపై ఉండాలి కదా. పోయిన వారం ట్యాంకు పక్కన స్టూలు మీదే కునుకు పడితే, వాల్వు తెరిచే ఉండి ఒక ట్యాంకు బీరంతా కాలవలో కలిసిపోయింది. ఆ రోజే హైదరాబాదులో ఒకాయనకి ఫోన్ చేసి, ట్యాంకులు అమ్మేస్తానని చెప్పాడు. సోమవారం వచ్చి చూసుకుంటానన్నాడాయన. ఫోన్ పెట్టేశాక భరత్‌కి ఏడుపు రావాల్సింది. దానిక్కూడా ఓపిక లేకపోయింది.

శనివారం మధ్యాహ్నం ఒక టీచరమ్మ స్కూటీ మీద తండ్రిని ఎక్కించుకుని వచ్చింది. ఆమె పేరు ఇంద్రజ. తండ్రి హనుమయ్య, గురజాల అవతల రైలు గేటు దగ్గర నౌకరీ అంతా రాత్రి డ్యూటీలే చేసి రిటైరైన మనిషి. ఎముకల గూడులా ఉన్నాడు, కళ్లు మాత్రం చింత నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి.

"మీ గోదాము వెనక కాలవలో గ్లాసులు కడిగిన నీళ్లు తాగిన మేకలు అక్కడే నిద్రపోతన్నాయంట, నిజమేనా?" అంది ఇంద్రజ.

"తిట్టడానికొచ్చారా? మేకలామె పొద్దునే వచ్చి తిట్టిపోయింది."

"కాదు. మా నాన్నకి నిద్ర రాదు. రిటైరైన దగ్గర్నుంచీ అంతే. గుంటూరులో చూపించాం. ఇట్టాగే ఉంటే గుండె తట్టుకోదన్నారు. మాత్రలేస్తే మత్తుగా పడుంటాడు గానీ కళ్లు మూతపడవు."

"ఎందుకు రావట్లా బాబాయ్?"

హనుమయ్య గోడకున్న తాళాల వైపు చూస్తూ చెప్పాడు. "కునుకు వచ్చినప్పుడల్లా ఈ బండి పోయాక, ఈ బండి పోయాక అని వాయిదా వేశానబ్బాయ్. అలుపొస్తే దాన్నీ పక్కకి నెట్టా. ఇప్పుడు పడుకుందామంటే ఆ అలుపు ఎటు పోయిందో కనపడలా. అలుపు లేనోడికి నిద్రెట్టా వస్తది?"

"నువ్వు తాగుతావా?"

"నేను బీరు తాగనబ్బాయ్. నాకు గ్లాసులివ్వు, కడుగుతా."

భరత్ వద్దనబోయాడు. వద్దనడానికి కూడా నోరు లేవాలి. తొట్టి చూపించాడు.

మర్నాడు ఆదివారమని మధ్యాహ్నమే షట్టరెత్తితే జనం విరగబడ్డారు. వెంకట్ ఈసారి బామ్మర్దిని వెంటబెట్టుకొచ్చి, గురువారం విన్న మాటలన్నీ తన సొంతంలాగా చెబుతున్నాడు. "ముందు వాసన చూడరా మొద్దు వెధవా. తాగడం ఎవుడికైనా వచ్చు." హనుమయ్య పీట మీద కూర్చుని ఒక్కో గ్లాసూ అందుకుంటున్నాడు. ఒక్కోదాంట్లో వేళ్లు పెట్టి తిప్పుతూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు.

"ఇది లారీ వాడిది. చెన్నై నుంచి ఆగకుండా వచ్చినట్టున్నాడు పాపం... ఇదెవరిదో పిల్ల తల్లిది, బిడ్డ రాత్రంతా ఏడ్చినట్టుంది."

సాయంత్రం దాకా కడిగాడు. ఏమీ కాలేదు. కళ్లు అలాగే ఎర్రగా ఉన్నాయి. ఇంద్రజ గడప దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడింది. భరత్ చానా రోజుల తర్వాత ఆ రోజే తొట్టి ముఖం చూడలేదు. పొద్దు వాలేసరికి కాళ్ల కింద నేల కొంచెం తేలికైనట్టు అనిపించి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తను చేసిన బీరు కూర్చుని తాగడం అతనికి అదే మొదలు. చిన్న గ్లాసు. ముందు వాసన చూశాడు. అరటిపండు, దాని వెనకాల లవంగం. వేరేవాళ్లకి చెప్పీ చెప్పీ, అది నిజంగానే ఉంటుందని మర్చిపోయాడు.

ఆఖరి గుక్క వదిలేసి చూస్తే, గ్లాసులో సగం దాకా మడ్డి. తెల్లగా, గట్టిగా, కదిలించినా కదలకుండా ఉంది.

"అది కూడా ఇటివ్వు," అన్నాడు హనుమయ్య, చెయ్యి చాపి.

"ఇది నాది బాబాయ్. వద్దులే, నేనే కడుక్కుంటా."

"కడుక్కుంటే మళ్లీ నీలోకే పోద్ది గదరా."

భరత్ ఆ గ్లాసుని అరమీద, మిగతావాటి వెనకాల పెట్టేశాడు. తిరిగి చూసేసరికి హనుమయ్య చెయ్యి ఇంకా చాపే ఉంది, కానీ తల పక్కనున్న మాల్టు బస్తా మీదికి ఒరిగిపోయింది. ఇంద్రజ పరుగున వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అంతలో పెద్దగా గురక వినిపించింది. గోదాములో ఉన్నవాళ్లంతా మాటలు ఆపేశారు. వెంకట్ నోటి మీద వేలేసుకుని బామ్మర్దిని బయటికి లాక్కుపోయాడు. ఇంటికి చేర్చేవాళ్లు మేకుల మీది తాళాలు చప్పుడు కాకుండా తీసుకుంటే, మిగతావాళ్లు వాళ్ల వెనకే ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇంద్రజ తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, ఆయన గురక వింటూ ఉండిపోయింది.

సోమవారం తెల్లారి ఇంద్రజ బడికి వెళ్లేటప్పటికి కూడా ఆయన లేవలేదు. కాసేపటికి మాచర్ల స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. గాలి ఇటు వీస్తే బాగా వినిపిస్తుంది. భరత్ గబుక్కున ఆయన వైపు తిరిగాడు. లేచి గేటు వెయ్యడానికి పరుగెత్తే మనిషి కదా. హనుమయ్య అటు నుంచి ఇటు తిరిగి, బస్తాని ఇంకొంచెం దగ్గరికి లాక్కుని పడుకున్నాడు. ఆ రైలు ఆయన గేటు వెయ్యకుండానే వెళ్లిపోయింది.

భరత్ బయటికి వచ్చి ఫోన్ చేశాడు.

"మల్లేపల్లి దాటాం భరత్ గారూ, సగం పైనే వచ్చేశాం," అన్నాడు హైదరాబాదాయన.

"రండి. ట్యాంకులు మాత్రం అమ్మనండి."

"అదేందయ్యా! పొద్దున్నే లేచి ఇంత దూరం..."

"ఏమనుకోవద్దు. వేరే డ్రైవరున్నాడా మీకు?"

"ఉన్నాడు, ఎందుకు?"

"సాయంత్రం దాకా సాగర్ చూసుకుని రండి. చిన్న గ్లాసుతో మొదలుపెడదాం. దూరం నుంచి వచ్చారు, చానా దిగుద్ది."

లోపలికి వచ్చి, అర మీద వెనకాల దాచిన తన గ్లాసు బయటికి తీశాడు. మడ్డి రాత్రికి ఇంకా గట్టిపడింది. కాసేపు చేతిలో తిప్పాడు. తర్వాత దాన్ని తీసుకెళ్లి, తొట్టి పక్కన, హనుమయ్య లేచి పీట మీద కూర్చుంటే చేతికి అందేచోట పెట్టాడు.

ఖాళీ అయిన ట్యాంకులోకి ఇవాళే కొత్త బీరు మొదలుపెట్టాలి. చేతికి దగ్గరగా ఉన్న మాల్టు బస్తా ఆయన తలకింద ఉంది. వేరే బస్తా తియ్యొచ్చు గానీ, మరపట్టే మిషను ఆన్ చేస్తే లేస్తాడు. భరత్ మిషను ప్లగ్గు పీకేసి, చెప్పులు గడప దగ్గరే విడిచి, అటకమీద పడున్న చేతి తిరగలిని దించడానికి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.