పళ్లెంలో ఎడమ సగం

మార్చి తొమ్మిదో తేదీ. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఉడికించిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె, అరటిపళ్ళు. తేదీ ఎందుకు గుర్తుందంటే మర్నాడే పందెం. గుడ్లు ఎందుకు గుర్తున్నాయంటే మా బావమరిది డబ్బాలో ఎడమ మూల ఒకటి మిగిలిపోయింది. వాడు గుడ్డు వదిలే మనిషి కాదు.

వ్యాన్ రోడ్డు పక్కన నీడకి ఆపాం. పైన సైకిళ్ళు తాళ్ళతో కట్టి ఉన్నాయి. కొండదారుల్లో రోజంతా సైకిల్ తొక్కే పందేనికి వెళ్తున్నాం. జట్టు పెట్టింది మా బావమరిదే, అంటే నా భార్య తమ్ముడు. తలుపులూ కిటికీలూ బిగించే వడ్రంగి. అందరూ వాణ్ణి కెప్టెన్ అంటారు, నేను మాత్రం ఒరేయ్ అంటాను. రెండో ఆవిడ బేకరీ నడుపుతుంది. వయసుతో పని లేకుండా అందరికీ అక్కే. మూడో అతను మందుల షాపులో పనిచేస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఎక్కడికీ వేళకి రాడు కాబట్టి ఎక్స్‌ప్రెస్ అని పేరు పడింది. పందెంలో ముగ్గురు వంతులవారీగా కొండ చుట్టూ తిరగాలి. ఆ ముగ్గురూ వాళ్ళే.

నేను అదనపు మనిషిని. ఎవరికైనా ఏమైనా అయితే వాళ్ళ వంతు నేను తొక్కాలి. ఏమీ కాకపోతే పంక్చర్లు వేయాలి, గుడ్లు ఉడకబెట్టాలి. ఇంతవరకు గుడ్లే ఉడకబెట్టాను.

"ఏరా, గుడ్డు వదిలేశావేం?" అన్నాను.

"ఏ గుడ్డు? తినేశాగా," అంటూ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి అదే పని. ఎంత తుడిచినా మసక పోవడం లేదట.

"మాస్టారి గుడ్డంటే అంత చులకనా కెప్టెన్?" అని ఎక్స్‌ప్రెస్ చెయ్యి చాపి ఆ గుడ్డు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి వాళ్ళకి నేను మాస్టారిని.

పొద్దున్న వ్యాన్ నడిపింది బావమరిదే. పెట్రోలు బంకులో ఎడమవైపు అద్దం స్తంభానికి తగిలించాడు. స్తంభం అక్కడ ఎవడు కట్టమన్నాడని బంకువాడితో తగువు కూడా పెట్టుకున్నాడు. తిన్నాక తాళాలు నా ఒళ్ళో పడేసి, "తల పగిలిపోతోంది, నువ్వు నడుపు బావా," అని వెనక సీట్లో పడుకున్నాడు. ఆ తలనొప్పికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అక్కడి నుంచి అంతా ఘాట్ రోడ్డు.

నా భార్య పోయాక నేను చాలాకాలం ఇంట్లోంచి కదల్లేదు. ఒకరోజు వీడు పాత సైకిలొకటి బాగు చేయించి తెచ్చి గుమ్మంలో ఆనించాడు. "గోడలకేసి చూస్తూ కూర్చుంటే అవేం మాట్లాడవు బావా. పద, కొండకేసి చూద్దువుగాని," అన్నాడు. కొండా మాట్లాడలేదు. కానీ ఎక్కి దిగిన రాత్రి నిద్రపట్టింది.

సాయంత్రానికి కొండ కింద లాడ్జికి చేరాం. గది తలుపు తియ్యగానే కిర్రుమంది. వాడు సంచిలోంచి నూనె బుడ్డి తీశాడు. ఎక్కడికెళ్ళినా వాడి దగ్గర అది ఉంటుంది.

"ఎవడు బిగించాడో గాని వాడి చేతులు పడిపోను. కీలు కిందికి దిగిపోయింది చూడు," అన్నాడు. నూనె వేసి, పిడి పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తి మూశాడు. చప్పుడు లేదు. ఆ కిటుకు వాడు నాకెప్పుడో నేర్పాడు, వాళ్ళక్క, అంటే నా భార్య, మంచంలో ఉన్న రోజుల్లో. బరువు కీలు మీద పడకుండా ఎత్తి మూస్తే ఎంత పాత తలుపైనా నోరెత్తదు బావా, అక్క నిద్ర చెడదు అన్నాడు. ఆ నెలలన్నీ అలాగే మూశాను.

నూనె బుడ్డి లోపల పెట్టడానికి వెళ్తూ వాడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకున్నాడు.

"ఇరుకు," అని గొణిగాడు.

అది ఇరుకు కాదు. ద్వారబంధం వెడల్పు కంటితో చూసి వేలెడు తేడా లేకుండా చెప్పే మనిషి వాడు. నాకు ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ బేకరీ అక్క అప్పటికే కిందనుంచి సైకిల్ గంట కొడుతోంది.

పొద్దు ఉండగానే పందెం దారి కొంత చూసొద్దామని బయల్దేరాం. ముందు కెప్టెన్, వెనక అక్క, ఆమె వెనక ఎక్స్‌ప్రెస్, చివర నేను. మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. ముందున్నవాళ్ళు గుంత ఎటుంటే అటు చెయ్యి చూపించి అరవాలి. వెనకవాళ్ళు దారి చూడరు, ముందువాళ్ళ చెయ్యి చూస్తారు.

"కుడి, రాయి!" అని అరిచాడు వాడు. కాసేపటికి, "కుడి, గుంత!"

ఎడమ అన్న మాటే వినపడలేదు. ఎడమ పక్క రాళ్ళు లేవేమో అనుకుంటున్నాను. అంతలో అక్క ముందు చక్రం వాన నీళ్ళు కోసిన కాలవలో దిగిపోయి, ఆమె సైకిల్ మీంచి ఎగిరిపడింది. మోకాలు చెక్కుకుపోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంటూ లేచింది. "చెయ్యి చూపించడానికి ఏం రోగం?"

"అక్కడేం లేదు!" అన్నాడు వాడు, సైకిల్ ఆపి.

"లేకపోతే నేను సరదాకి పొర్లానా?"

వాడు మెడ మొత్తం తిప్పి వెనక్కి చూశాడు. కాలవ కనిపించింది. పశువు పడుకునేంత కాలవ. దాని పక్కనుంచే వెళ్ళాడు.

"ఇందాక లేదు," అన్నాడు నెమ్మదిగా.

"మనం వస్తున్నామని ఇప్పుడే తవ్వుంటారు," అన్నాడు ఎక్స్‌ప్రెస్. ఎవరూ నవ్వలేదు.

మేం నిలబడ్డ చోటునుంచి, కొండమీంచి రేపు దిగాల్సిన దారి కనిపిస్తోంది. కుడిపక్క బండ. ఎడమపక్క ఏమీ లేదు, లోయ. పందెం మొదలయ్యేటప్పుడు అన్ని జట్లవాళ్ళూ ఒక్కసారే ఆ దారిన పడి ఒకరినొకరు తోసుకుంటూ దిగుతారు. ఆ మొదటి చుట్టు ఎప్పుడూ మావాడిదే.

అద్దం, గుడ్డు, ద్వారబంధం, కాలవ. అన్నీ ఎడమవైపే. నా భార్య జబ్బు మొదలైంది కూడా అలాగే. తలలో గడ్డ. ఆమెకి లోకం ఎడమ పక్కనుంచి మాయమవుతూ వచ్చింది.

"ఒరేయ్, రేపు మొదటి చుట్టు నేను తొక్కుతాను," అన్నాను. అంతకన్నా తెలివైన మాట నోటికి రాలేదు.

వాడు నావైపు చూసి పెదవి విరిచాడు. "ఓహో, అదా సంగతి. గుడ్లు ఉడకబెట్టి విసుగెత్తిందా? ఎక్కాలని ఉంటే సూటిగా అడుగు బావా. డొంకతిరుగుడెందుకు?"

ఆ కొండ మీద, అందరి ముందు, నీకు సగం చూపు లేదురా అని చెప్పలేకపోయాను. వాడు ఇంకా కిందికి దిగాలి. భయంతో దిగేవాడికన్నా తెలియక దిగేవాడు నయమనిపించింది. అక్కడ దారి వెడల్పుగా ఉండడం మా అదృష్టం. వాడికి ఎడమపక్కగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో దిగాను.

"నా పక్కన తోకలా ఏమిటిది?" అని ఒకసారి విసుక్కున్నాడు. నా సైకిల్ చప్పుడు విని, నన్ను వెతకడానికి మెడ తిప్పాల్సొచ్చింది వాడికి.

లాడ్జి కింద భోజనాల గది. నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. అన్నం, బంగాళదుంపలు, కోడికూర. అక్క మోకాలికి చేతిరుమాలు కట్టుకుని, కెప్టెన్ వైపు చూడకుండా తింటోంది. నేను తినడం లేదు. వాడి పళ్లేన్నే చూస్తున్నాను.

కుడిపక్క అన్నం అయిపోయింది. మధ్యలో గీత గీసినట్టు అక్కడే ఆగాడు. ఎడమపక్క అన్నం, దుంపలు, కోడికూర వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. వాడు తలెత్తి వడ్డించే అతన్ని పిలిచాడు.

"ఏం బాబూ, అందరికీ కోడికూర వేసి నాకెందుకు వెయ్యలేదు? నేనేం పాపం చేశాను?"

"వేశాను సార్," అన్నాడతను అయోమయంగా.

"ఎక్కడ? గాల్లోనా?"

"ఇవాళ కెప్టెన్‌గారికి లోకమంతా తప్పే," అంది అక్క.

నేను చెయ్యి చాపి వాడి పళ్లెం పట్టుకుని సగం చుట్టు తిప్పాను.

కోడికూర వాడి కుడిపక్కకి వచ్చింది. వాడు పళ్లేన్ని మళ్ళీ వెనక్కి తిప్పాడు, కూర పోయింది. ఇటు తిప్పాడు, వచ్చింది. కొత్తగా బిగించిన తలుపుని తీసి, వేసి, తీసి చూసుకున్నట్టు అలా రెండు మూడుసార్లు చూసుకున్నాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అక్కకి ఇలాగే తిప్పేవాడివి కదా బావా."

"అవునురా."

"అక్కకి తెలిసేదా?"

"లేదు. నేను మళ్ళీ వడ్డించాననుకునేది. ఇంత పెడితే ఎలా తినను అని కోప్పడేది."

వాడు నవ్వబోయాడు. మొహం మధ్యలోనే మారిపోయింది. "అయితే నాకూ అదేనా?"

"నాకు తెలీదురా. లే, ఆసుపత్రికి పోదాం."

"రేపు పందెం..." అన్నాడు. లేవలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అది వదిలితే మిగిలిన సగం కూడా పోతుందేమో అన్నట్టు.

అప్పుడు అక్క లేచింది. ఆమెకి అంతా అర్థమైందని మొహం చూస్తే తెలుస్తోంది. చేతిరుమాలు కట్టిన మోకాలు చూపించి, "లేవండి కెప్టెన్. దీనికి కట్టు కట్టించాలి. నన్ను పడేసింది మీరే, తోడు రావాల్సిందీ మీరే," అంది.

ఆ మాటతో లేచాడు. భయపడి ఆసుపత్రికి వెళ్ళడం వేరు, ఒకరికి తోడు వెళ్ళడం వేరు. ఆ తేడా ఆమెకి ఎలా తట్టిందో నాకిప్పటికీ తెలీదు. బయటికి వచ్చేసరికి ఎక్స్‌ప్రెస్ వ్యాన్ స్టార్ట్ చేసి గుమ్మం ముందు పెట్టాడు. మాకన్నా ముందు అతను ఒక చోటికి చేరడం అదే మొదటిసారి.

ఆసుపత్రి కింద ఊళ్ళో ఉంది. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. వాడి ఎదురుగా కూర్చుని, రెండు వైపులా వేళ్ళు కదిపి చూసి, ఇంకేమీ అడక్కుండా స్కాన్‌కి పంపింది. బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. అక్క సంచిలోంచి రొట్టె తీసి ముక్కలు చేసి పంచింది. నేను తినలేదు. ముక్కని చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది.

"గడ్డ కాదు," అంది. వాడు ముందే చెప్పి ఉంటాడు వాళ్ళక్క సంగతి. "తల వెనకవైపు చిన్న రక్తనాళం పూడుకుపోయింది. కళ్ళు బాగానే ఉన్నాయి. చూసింది అందుకునే చోట దెబ్బ తగిలింది. ఎప్పటినుంచి ఇలా ఉంది?"

అద్దం సంగతి చెప్పాను. "పొద్దున్నే వచ్చుంటే..." అని ఆగింది. "సరే, ఇప్పుడైనా తెచ్చారు. ఇంకోటి రాకుండా మందు ఇస్తున్నాం."

"పోయిన చూపు?"

"కొంత రావచ్చు. రాకపోనూ వచ్చు."

గడ్డ కాదన్న మాటకి గుండె తేలికపడింది. ఆ వెంటనే రాకపోనూ వచ్చన్న మాట వచ్చి మీద కూర్చుంది.

లోపల వాడు మంచం మీద ఉన్నాడు. "సైకిల్ సంగతి అడిగాను బావా," అన్నాడు. "ముందు గోడలకి తగలకుండా నడవండి, తర్వాత చూద్దాం అంది. మాట దాచడం తెలీని పిల్ల." దిండు సర్దుకుని, "రేపు నా చుట్లు నువ్వు తొక్కు," అన్నాడు.

"నేనిక్కడ ఉంటాను."

"నీకు ఎక్కాలని లేదూ?"

"ఉంది."

"మరి? ముగ్గురు లేకపోతే జట్టుని లెక్కలోకి తీసుకోరు."

"లెక్క ఎవరిక్కావాలి?" అంది అక్క. "మేమిద్దరం తిరుగుతాం. ఎవరూ తిరక్కపోతే మీరు గోడ దూకి వచ్చేస్తారు. పైగా ఇన్ని రొట్టెలు తెచ్చాను, తినేవాళ్ళుండాలి."

"దిగేటప్పుడు ఎడమపక్క..." అని మొదలుపెట్టి వాడు ఆగిపోయాడు.

"చూసుకుంటాం కెప్టెన్," అన్నాడు ఎక్స్‌ప్రెస్. జోకు వెయ్యలేదు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక గది చిన్నదైపోయింది. వాడు పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

"బావా."

"ఊఁ."

"రేపట్నుంచి తలుపులెలా బిగిస్తాను? ద్వారబంధానికి రెండు పక్కలుంటాయి."

"ఎడమపక్క నేను పట్టుకుంటాలే," అన్నాను.

"నువ్వు పట్టుకుంటే వంకరపోతుంది."

"పోతే పోనీ. నువ్వు తిడుదువుగాని."

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, అలవాటు కొద్దీ కళ్ళజోడు కూడా తుడిచాడు. దాన్ని నా చేతికిచ్చి పక్కకి తిరిగి పడుకున్నాడు. నర్సు వచ్చి మంచినీళ్ళ గ్లాసుని ఎడమపక్క బల్ల మీంచి తీసి, కుడిపక్క కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళింది. ఎవరూ చెప్పలేదు ఆమెకి.

నా కుర్చీ కూడా ఎడమపక్కే ఉంది. దాన్ని ఎత్తి, నేలకి రాసుకోకుండా మోసుకెళ్ళి కుడిపక్క వేశాను. లేవగానే వాడికి నేను కనపడాలి.

వసారా లైటు నేరుగా వాడి మొహం మీద పడుతోంది. వెళ్ళి తలుపు పట్టుకున్నాను. కీలు కిందికి దిగిపోయిన తలుపు. మెలకువగా ఉంటే బిగించినవాణ్ణి వదిలేవాడు కాదు. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి, మెల్లిగా మూశాను.