మరిది వదిలేసిన టైర్లు

ఆ ఇంట్లో కంప్యూటర్లో కారు పందేలు ఆడే సిమ్ రేసింగ్ సీటు మరిదిది. స్టీరింగు, పెడళ్ళు, మూడు తెరలు, అన్నీ అతను కొనుక్కున్నవే. కాబట్టి సాయంత్రం మొదట కూర్చునేది అతనే. వదిన బేకరీలో రోజంతా కేకుల మీద క్రీముతో పూలు వేసి, పేర్లు రాసి, ఇంటికొచ్చి అతను లేచేదాకా ఓపిక పట్టాలి. లేస్తూ అతను రోజూ ఒకటే పాట పాడేవాడు.

"కూర్చో వదినా. కానీ ఏదీ మార్చకు. నా సెట్టింగులన్నీ చెడిపోతాయి."

ఆమె ఏదీ మార్చేది కాదు. అంటే కారుకు కొత్త టైర్లు కూడా వేసుకునేది కాదన్నమాట. మహానుభావుడు కొత్త టైర్ల మీద ఊరేగి, వాటిని పీల్చి పిప్పి చేసి దిగేవాడు. ఆ పిప్పి మీదే ఈమె కారు నడపడం నేర్చుకుంది. ఏడాదిగా ఆడుతున్న మనిషి కొత్త టైరు ఎలా ఉంటుందో ఎరగదంటే నమ్మండి!

పైగా వాళ్ళ క్లబ్బు పోటీల్లో ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం. అది ఉంటే కాలితో ఎంత మొరటుగా నొక్కినా చక్రం జారకుండా కారే చూసుకుంటుంది. అది లేకపోతే, మలుపు దాటేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త ఎక్కువైతే చాలు, వెనక చక్రాలు గిర్రున తిరిగి, వేడెక్కి, అరిగిపోతాయి. వదిన మాత్రం క్రీము సంచి పిండినట్టు మెల్లగా, ఒకే ధారగా నొక్కేది. మలుపులో ఒక గేరు ఎక్కువలోనే ఉండి, చక్రానికి తిరగబడే సందు ఇచ్చేది కాదు. క్లబ్బులో కుర్రకారు ఆమెకు 'నిదానం గారు' అని పేరు పెట్టి పళ్ళికిలించారు. మరిదిని 'తుఫాను' అనేవారు.

క్లబ్బు జట్టులో ఒక సీటు ఖాళీ అయింది. అది తన జేబులో ఉన్నట్టే మరిది తిరుగుతుంటే, వదిన కూడా పేరిచ్చింది.

"ఇదేంటి, ఇంట్లో యుద్ధం పెడతావా?" అన్నాడు భర్త.

"పెడతాను. నాకా సీటు కావాలి. ఇన్నేళ్ళూ కేకుల మీద ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ రాశాను. జట్టు చొక్కా మీద ఒక్కసారి నా పేరు చూసుకోవాలనుంది."

జట్టు కెప్టెన్ ఆమె రౌండు టైములు చూసి పెదవి విరిచాడు.

"ఒక్క రౌండు చూసి తేల్చేస్తారా? పూర్తి రేసు పెట్టండి," అంది వదిన.

సరే, ఆదివారం క్లబ్బు హాల్లో అందరితో కలిపి రేసు. అందరికీ కొత్త టైర్లే, మధ్యలో మార్చడం లేదు. ఈ ఇద్దరిలో ముందు గీత దాటినవాళ్ళదే సీటు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొదట్లో ఆమె పరువు గంగలో కలిసింది. కారు రోడ్డుకు అతుక్కుపోయి నడుస్తుంటే ఆమెకు ఏమీ పాలుపోలేదు. అవసరం లేనిచోట బ్రేకు వేసింది, ఉన్నచోట ఎక్కువ వేసింది. చూస్తుండగానే ఆఖరి స్థానానికి పడిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రోషం వచ్చి ఒక మలుపులో గట్టిగా తొక్కింది. కారు వెనక భాగం తోకలా ఊగి, గోడను తాకబోయి తప్పింది.

'ఇవి నాకు అలవాటైన టైర్లు కావు. కాస్త అరగనీ,' అనుకుని కాలు అదుపులో పెట్టుకుంది.

సగం రేసు అయ్యేసరికి ముందున్న కార్లు మలుపుల్లో తూలడం మొదలుపెట్టాయి. ఒకడు గడ్డిలోకి పోయాడు. ఇంకొకడు టైర్లు మోసం చేశాయని గోల పెట్టాడు. అప్పుడే వదిన స్టీరింగు కూడా కొంచెం వదులైంది, వెనక చక్రం సన్నగా మూలిగింది. ఆ మూలుగు ఆమెకు రోజూ సాయంత్రం వినే చుట్టం గొంతు. 'అమ్మయ్య, వచ్చేశావా!' అని పైకే అనేసింది.

ఇక ఆమెను పట్టుకునేవాళ్ళెవరు? ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. ఆఖరి మలుపుకు ముందు మరిది ఒక్కడే మిగిలాడు.

మలుపులోంచి బయటపడుతూనే తుఫాను అలవాటు ప్రకారం పెడలు నేలకు నొక్కేశాడు. చక్రాలు పొగలు కక్కాయి కానీ కారు ముందుకు పోదే! వదిన ఒక గేరు ఎక్కువలో, కాలు ఆనీ ఆననట్టు ఆనించి, అతని పక్కనుంచి వెళ్ళి గీత దాటింది.

మరిది హెడ్‌ఫోన్లు తీసి, ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆమె టైర్ల అరుగుదల లెక్క తెరమీద కనబడగానే నోరెళ్ళబెట్టాడు.

"ఇంకా ఇంత మిగిలిందేంటి వదినా! నేను రోజూ నీకిచ్చే టైర్లకంటే ఇవే నయం."

"నువ్విచ్చినవాటి మీదే కదయ్యా నేర్చుకున్నాను."

అతనికి నవ్వాగలేదు. "సరే, రేపట్నుంచి ముందు నువ్వే కూర్చో. నేను మిగిలినవాటి మీద నేర్చుకుంటా."

"కూర్చుంటా. నువ్వు మాత్రం ఏదీ మార్చకు," అంది వదిన.

ఈలోగా కెప్టెన్ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చాడు.

"చొక్కా మీద పేరు ఎలా రాయమంటారు?"

ఆ ప్రశ్న ఆమె రోజూ కౌంటర్ దగ్గర పదిమందిని అడుగుతుంది. ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకుని, వెనక నవ్వినవాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది.

"పూర్తి పేరు రాయండి. ఎంత పెద్దగా పడితే అంత పెద్దగా."