బాడీకి బిగించిన నల్ల వైరు

ఆ ఉదయం ఇందా పేట వైపు మబ్బు దిగి కూర్చుంది; కురవనూ లేదు, తొలగనూ లేదు. ఖరిదా పేటలో, రైల్వేలో రిటైరైన దేముడి ఇంటి ముందు వ్యాను నిలిచి ఉంది. మీట నొక్కితే దానంతటదే జరగాల్సిన పక్క తలుపు నాలుగు రోజులుగా సగంలో ఆగిపోతోంది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, బయటికి వెళ్లినప్పుడు దేముడు సొంతంగా చేసుకునే పని ఆ మీట నొక్కడమొక్కటే. ఇంకొకరు తలుపు లాగితే ఎక్కనని మొండికేసి, కాలి కసరత్తుకు ఆస్పత్రికి వెళ్లడం మానేశాడు.

కూతురు రాధారాణి ముందురోజే నూకయ్యను పిలిపించింది. రైల్వే కార్ఖానాలో, బోగీల దీపాల సెక్షన్లో, ముప్పై ఏళ్లు దేముడికి జోడీగా పనిచేసిన మనిషి.

"నిన్నటిదాకా సగమైనా కదిలేది మామా. నువ్వు సెయ్యెట్టినాక అదీ నేదు," అందామె.

నూకయ్య వంగి తలుపు దగ్గరి వైర్లలోకి చూశాడు. నల్ల వైరొకటి ఇనుప బాడీకి బోల్టుతో బిగించి ఉండటం చూసి, నిన్న తనే ఊడదీసి టేపు చుట్టాడు. బోగీలో ఏ వైరూ బాడీని తాకకూడదు. తాకినచోటు వెతకడంలోనే ఇద్దరి వయసూ గడిచింది.

అరుగు మీది కుర్చీలోంచి దేముడు అడిగాడు. "ఏటి ఊడదీసినావు?"

"బాడీకి తగిలిన వైరు."

"కారుకి కరెంటు తిరిగెళ్లే దారి బాడీయే కదరా. రిటైరై పదేళ్లయినా బోగీ దిగనేదు నువ్వు."

నూకయ్య నవ్వి, వైరు మళ్లీ బిగించాడు. తలుపు సగం జరిగి ఆగింది. అసలు లోపం అలాగే ఉంది.

"కుర్చీ దగ్గరికి జరుపమ్మా. దీపం నాకియ్యిరా," అన్నాడు దేముడు. రాధారాణి కుర్చీని అరుగు అంచుకు, వ్యాను పక్కకు జరిపింది.

దీపమంటే హోల్డరు, చిన్న బల్బు, రెండు వైరు ముక్కలు. నూకయ్య ఒక కొస తలుపు మోటారు వైరుకు తగిలించాడు. రెండోది, మనసొప్పకపోయినా, బాడీకి. బల్బు వెలిగింది. దేముడు దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. బాడీ నుంచి తలుపుకు వెళ్లే వైర్లను, వాటి రబ్బరు తొడుగు మీదుగా నూకయ్య బెత్తెడు బెత్తెడు వంచసాగాడు.

"ఉంది... ఉంది..." బల్బు వెలుగు చూస్తూ దేముడు అంటున్నాడు.

బోగీ కింద గోనె పరుచుకుని పడుకున్న రోజుల్లోనూ అదే గొంతు. బ్యాటరీ ఆమ్లం వాసన, తలపైన సుత్తుల మోత, మధ్యాహ్నం సైరను కూసినా వినపడనట్టు ఇంకో బెత్తెడు. అప్పుడు కుడిచెయ్యి పట్టేది దీపాన్ని.

"ఉంది... నేదు." బల్బు ఆరింది.

నూకయ్య చెయ్యి అక్కడే ఆగింది. తొడుగు కోసి చూస్తే వైరు పైకి బాగానే ఉంది, లోపల రాగి తెగింది. అతికించి, టేపు చుట్టి పక్కకు జరిగాడు.

దేముడు వంగి మీట నొక్కాడు. తలుపు చివరిదాకా జరిగింది. మళ్లీ నొక్కాడు, మూసుకుంది. ఇంకోసారి నొక్కాడు.

"రేపు కసరత్తు ఎన్నింటికే?"

"తొమ్మిదికి నాన్నా," అంది రాధారాణి. గబగబా లోపలికి పోయి అన్నం, గసగసాల బంగాళాదుంప కూర మూడు పళ్లేల్లో తెచ్చింది.

అరుగు మీదే కూర్చున్నారు. దేముడు ఎడమచేత్తో మెల్లగా కలుపుకుంటున్నాడు, మెతుకులు ఒళ్లో పడుతున్నాయి. నూకయ్య తన పళ్లెంలోకే చూసుకుంటూ, అతనితో సమంగా ముగిసేలా నిదానంగా తిన్నాడు.